ఇంట్లో మసాజ్: నూనె వెచ్చబెట్టడం నుంచి తువ్వాళ్లు ఉతకడం దాకా

మసాజ్ కుదరకపోతే చేతుల్లో బలం చాల్లేదనుకుంటారు చాలామంది. నిజానికి బలంతో వచ్చే చిక్కు తక్కువే. ఎక్కువగా కనిపించే తప్పులు మూడు: చేతులు మరీ వేగంగా కదలడం, భారమంతా బొటనవేళ్ల మీదే పడటం, పడుకున్నవారిని ఒక్క మాటైనా అడగకపోవడం. ఈ మూడూ సరిచేసుకుంటే శిక్షణ లేనివారు కూడా ఇంట్లోవాళ్లకి ఓ గంటసేపు మంచి హాయినివ్వగలరు.

ఇక్కడ చెబుతున్నది అలాంటి మసాజ్ గురించే. మెడ తిప్పి టక్కుమనిపించడం, వెన్ను విరవడం ఇందులో లేవు, ఇంట్లో వాటి జోలికి పోకూడదు కూడా. మెడను ఒక్క ఊపున తిప్పినప్పుడు మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి.

ఏం చేస్తుంది, ఏం చేయదు

నెమ్మదిగా, ఒకే లయలో చర్మం మీద చేయి కదులుతుంటే శ్వాస నిదానిస్తుంది, గుండె వేగం కాస్త తగ్గుతుంది, బిగిసి ఉన్న కండరం వదులవుతుంది. చర్మంలో మృదువైన స్పర్శకు స్పందించే ప్రత్యేక నాడీ తంతువులున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయి. అంతకన్నా వేగంగా రుద్దితే వాటి స్పందన పడిపోతుంది. గబగబా చేసిన మసాజ్‌లో ఎంత నూనె పోసినా హాయి రాకపోవడానికి ఇదొక కారణం.

నడుము నొప్పికి కొంతకాలం ఉపశమనం ఇస్తుంది. అమెరికా వైద్యుల సంఘాల్లో ఒకటైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగినవాటిలో వేడి కాపడంతో పాటు మసాజ్ కూడా ఉంది. అయితే వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో వెలువరించిన సమీక్ష, ఆ ఉపశమనం ఎక్కువకాలం నిలిచేది కాదని, ఉన్న ఆధారాలు కూడా బలహీనమేనని తేల్చింది. రెండూ కలిపి చదువుకోవాలి. ఆందోళన తగ్గడం, నిద్ర తేలిగ్గా పట్టడం, వ్యాయామం చేసిన మర్నాటి ఒళ్లునొప్పులు కొంత తగ్గడం మాత్రం నమ్మకంగా ఆశించవచ్చు.

ఇక ప్రచారంలో ఉన్నవి. మసాజ్ ఒంట్లోని విషపదార్థాలను బయటికి తోయదు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని కడిగేస్తుందనేదీ అంతే: వ్యాయామం ఆపిన గంటలోపే శరీరం దాన్ని తనంతట తనే వాడేసుకుంటుంది. కొవ్వు కరిగించడం కూడా దీనివల్ల కాదు.

మొదలుపెట్టే ముందు అడగాల్సినవి

ఈ భాగం దాటేయకండి. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు మసాజ్ వద్దు:

- జ్వరం, ఒళ్లంతా నలతగా ఉండటం
- ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం
- మసాజ్ చేయబోయే చోట పుండ్లు, కాలిన గాయాలు, చీము, అంటుకునే చర్మవ్యాధి
- ఎముక విరగడం, బెణుకు, దెబ్బ తగిలి రెండు మూడు రోజులు కూడా కాకపోవడం
- నడుము నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, మల మూత్రాల మీద అదుపు పోవడం

రెండోది, చివరిది చూడగానే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిక్కలో వాపు లోతు సిరలో గడ్డకట్టిన రక్తం వల్ల కావచ్చు. దాన్ని పిసికితే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. సుదీర్ఘ ప్రయాణం చేసినవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు, చాలా రోజులు మంచాన ఉన్నవారు ‘పిక్క పట్టేసింది, కాస్త పిసుకు’ అంటే ముందు రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే చేయి వేయొద్దు.

రక్తం పలచబడే మందులు వాడేవారికి గట్టిగా నొక్కితే లోపల రక్తం చిమ్మి చర్మం కమిలిపోతుంది. వాళ్లకి తేలికపాటి నిమరడం వరకే. ఎముకలు గుల్లబారినవారికి వీపు మీద, పక్కటెముకల మీద బరువు వేయకూడదు. ఉబ్బి మెలికలు తిరిగిన సిరల మీద నేరుగా నొక్కకూడదు. కాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ముందుగా తమ డాక్టరును అడగాలి. గర్భిణికి డాక్టరు సరేనంటే ఓ పక్కకు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి చేయాలి. పిక్కల్ని లోతుగా నొక్కకూడదు, గర్భంతో ఉన్నప్పుడు సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ.

భోజనం చేశాక కనీసం గంట, కడుపునిండా తింటే రెండు గంటలు ఆగండి. నిండు పొట్ట మీద బోర్లా పడుకుంటే ఎవరికీ హాయిగా ఉండదు.

గది, పక్క, దిండ్లు

గది చలి తెలియనంత వెచ్చగా ఉండాలి. 24 నుంచి 26 డిగ్రీలు సరిపోతుంది. నూనె రాసిన ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, చలేస్తే కండరం బిగుసుకుంటుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా చూడండి. మసాజ్ చేస్తున్న భాగం తప్ప మిగతాదంతా దుప్పటితో కప్పి ఉంచండి. చలికి మాత్రమే కాదు, మొహమాటం లేకుండా పడుకోవడానికి కూడా ఆ కప్పే అవసరం.

మెత్తటి పరుపు పనికిరాదు. నొక్కిన ఒత్తిడంతా పరుపే మింగేస్తుంది, మీరు వంగి వంగి నడుము నొప్పి తెచ్చుకుంటారు. నేల మీద రెండు మందపాటి బొంతలో, వ్యాయామపు చాపలో పరిచి మోకాళ్ల మీద కూర్చుని చేయడం నయం. మీ మోకాళ్ల కింద కూడా దిండు వేసుకోండి. బల్ల వాడితే ఎత్తు ఇలా చూసుకోవాలి: నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలి పిడికిలి బిగిస్తే, వేళ్ల కణుపులు బల్ల పైభాగానికి తగలాలి.

బోర్లా పడుకున్నప్పుడు చీలమండల కింద చుట్టిన తువ్వాలు, వెల్లకిలా ఉన్నప్పుడు మోకాళ్ల కింద దిండు పెట్టండి. బోర్లా పడుకున్నవారు తల ఒక పక్కకే తిప్పి అరగంట ఉంటే మెడ పట్టేస్తుంది. పెద్ద తువ్వాలును పొడవుగా చుట్టి, గుర్రపు నాడా ఆకారంలో వంచి, దాని మీద నుదురు, చెంపలు ఆనేలా పెడితే ముక్కుకి గాలి ఆడుతుంది, మెడ తిన్నగా ఉంటుంది.

నూనె

వీపుకి 5 నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు చిన్న చెంచాలు. ఒళ్లంతటికీ 25 నుంచి 30 మిల్లీలీటర్లు చాలు. వెంట్రుకలు లాగుతున్నట్టు అనిపిస్తే నూనె తక్కువైంది, చేయి ఎక్కడా పట్టు దొరక్కుండా జారిపోతుంటే ఎక్కువైంది. రెండోదే తరచుగా జరుగుతుంది. ఎక్కువైతే తువ్వాలుతో ఒకసారి అద్ది మళ్లీ మొదలుపెట్టండి.

నువ్వుల నూనె, కొబ్బరి నూనె, బాదం నూనె, ద్రాక్ష గింజల నూనె, ఏదైనా పనిచేస్తుంది. గింజలు, పప్పులు పడనివారికి బాదం నూనె, నువ్వులు పడనివారికి నువ్వుల నూనె వాడొద్దు. కొత్త నూనె అయితే ముందురోజు మోచేయి లోపలివైపు ఓ చుక్క రాసి 24 గంటలు చూడండి. సువాసన కోసం లావెండర్ లాంటి గాఢ తైలం కలపాలంటే 30 మిల్లీలీటర్ల నూనెకి 6 నుంచి 12 చుక్కలు, అంతే. గాఢ తైలాన్ని నేరుగా చర్మానికి రాస్తే బొబ్బలెక్కవచ్చు, ఆ తర్వాత జీవితాంతం అది పడకుండా పోవచ్చు. నిమ్మజాతి తొక్కల తైలాల్లో కొన్ని రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టవుతుంది.

నూనెను పొయ్యి మీద కాచకండి. సీసాను 5 నిమిషాలు వేడినీళ్ల గిన్నెలో ఉంచి, మీ మణికట్టు మీద ఓ చుక్క వేసుకుని చూసుకోండి. వేడీ చల్లనా తెలియకూడదు. నూనె ఎప్పుడూ మీ అరచేతిలోనే పోసుకోవాలి. వీపు మీద ధారగా పోస్తే ఉలిక్కిపడతారు, అప్పటిదాకా వదులైన కండరం ఒక్కసారిగా బిగుసుకుంటుంది.

చేతులు ఎలా వాడాలి

గోళ్లు చర్మం దాటి కనిపించకూడదు. ఉంగరాలు, గడియారం, గాజులు తీసేయండి. ఒత్తిడి భుజాల నుంచి కాదు, నడుం నుంచి రావాలి: చేయి దాదాపు తిన్నగా ఉంచి, మీరు ముందుకి వాలితే మీ బరువే అరచేతి గుండా దిగుతుంది. ఎక్కువ కావాలంటే ఇంకొంచెం వాలండి, తక్కువ కావాలంటే వెనక్కి జరగండి. చేతి కండరాలతో నొక్కేవారు పది నిమిషాల్లో అలసిపోతారు.

బొటనవేలితో చేసే పనిలో చాలాభాగం అరచేతి మడమ (మణికట్టుకు ఆనుకుని ఉండే గట్టి భాగం), పిడికిలి, ముంజేయి చేయగలవు. బొటనవేలే కావాలంటే దాన్ని తిన్నగా ఉంచి మిగతా వేళ్లను పక్కన ఆసరాగా ఆనించండి. వేలు వెనక్కి విల్లులా వంగిందంటే ఆపేయండి, కీలు దెబ్బతినేది అక్కడే.

ఒత్తిడి కొలవడానికి మంచి పద్ధతి ఒకటి. ‘బాగుందా?’ అని అడిగితే మొహమాటానికి ‘ఆఁ, బాగుంది’ అంటారు. ‘1 నుంచి 10లో ఎంతుంది?’ అని అడగండి. 5, 6 దగ్గర ఉండాలి, 7 దాటితే తగ్గించాలి. నోటితో చెప్పకపోయినా శరీరం చెబుతుంది: ఊపిరి బిగబట్టడం, కాలివేళ్లు ముడుచుకోవడం, భుజాలు చెవులవైపు లేవడం. వీటిలో ఏది కనిపించినా ఒత్తిడి మితిమీరినట్టే.

వీపు: 20 నిమిషాలు

మసాజ్‌లో అన్నిటికన్నా ఎక్కువ సమయం వీపుకే ఇవ్వండి. ముందు దుప్పటి మీది నుంచే ఒక అరచేయి రెండు రెక్క ఎముకల మధ్య, మరొకటి నడుము కింద ఆనించి, మూడు నాలుగు శ్వాసల సేపు కదలకుండా ఉంచండి. తొందరపడి ఇది వదిలేస్తుంటారు. చేతులు వచ్చాయని శరీరానికి తెలిశాక మొదలుపెట్టిన మసాజ్‌కీ, ఉన్నట్టుండి మొదలుపెట్టినదానికీ తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

దుప్పటి నడుము దాకా దించండి. నూనె అరచేతుల్లో రుద్దుకుని, వెన్నుపూసకు అటొకటి ఇటొకటిగా అరచేతులు పరిచి, నడుము నుంచి పైకి నెమ్మదిగా తోయండి. భుజాల మీదుగా బయటికి తిరిగి, పక్కల వెంట తేలిగ్గా కిందికి రండి. నడుము నుంచి భుజం చేరడానికి 7, 8 సెకన్లు పట్టాలి. మొదట్లో ఇది విసుగొచ్చేంత నెమ్మది అనిపిస్తుంది, అదే సరైన వేగం. ఇలా 6 నుంచి 8 సార్లు. మొదటి రెండూ నూనె పట్టించడానికే, మూడోదాని నుంచి బరువు వేయడం మొదలుపెట్టండి.

తర్వాత పిసకడం. వాళ్ల కుడి పక్కన కూర్చుని ఎడమవైపు చేయండి, ఎడమ పక్కన కూర్చుని కుడివైపు. తుంటి పైనుంచి చంక దగ్గరి దాకా, రొట్టెల పిండి పిసికినట్టు ఒక చేత్తో కండను ఎత్తి రెండో చేతికి అందించండి. చర్మాన్ని గిల్లినట్టుంటే వేళ్లతో పట్టుకుంటున్నారన్నమాట. అరచేయి మొత్తం ఆనించండి. ఒక్కో పక్కకి 2 నిమిషాలు.

వెన్నుపూసకు రెండు వేళ్ల దూరంలో, రెండువైపులా తాళ్లలా నిలువుగా కండరాలు తగులుతాయి. అరచేతి మడమను ఆ తాడు మీద వెన్నువైపు అంచున పెట్టి, వెన్ను నుంచి బయటివైపుకి నెమ్మదిగా తోయండి. రెండు సెంటీమీటర్లు పైకి జరిగి మళ్లీ. నడుము దగ్గర మొదలై రెక్క ఎముక దాకా ఒక్కో వైపుకి 3 నిమిషాలు పడుతుంది. వెన్నుపూస ఎముకల మీద ఎప్పుడూ నొక్కకూడదు. చివరి పక్కటెముకల కింద, నడుముకు రెండు పక్కలా ఉండే మెత్తటి భాగంలో బొటనవేళ్లతో లోతుగా పొడవొద్దు, పిడికిలితో కొట్టొద్దు. మూత్రపిండాలుండేది ఆ చుట్టుపక్కలే.

రెక్క ఎముక లోపలి అంచు దగ్గర చాలామందికి బిగువు పేరుకుని ఉంటుంది, ముఖ్యంగా కంప్యూటర్ ముందు కూర్చునేవారికి. ఆ చేతిని మెల్లగా వెనక్కి మడిచి నడుము మీద పెడితే రెక్క ఎముక పైకి తేలుతుంది. భుజం నొప్పి ఉంటే మడవకండి. మీ ఒక చేయి భుజం కింద ఆసరాగా పెట్టి, రెండో చేతి వేళ్లతో ఎముక కింది కొన నుంచి పైకి, అంచు వెంబడి మూడుసార్లు పోండి. నాలుగోసారి నొప్పి పుట్టిస్తుంది తప్ప లాభం ఉండదు.

చివరగా పిరుదుల మీద, దుప్పటి పైనుంచే, అరచేతి మడమతో పెద్ద సున్నాలు చుట్టండి. నడుము పట్టేసినవారిలో చాలామందికి అసలు బిగువు ఉండేది ఇక్కడే. ముగించేటప్పుడు మొదట చేసిన పొడవాటి నిమరడాన్ని నాలుగుసార్లు చేయండి, ప్రతిసారీ బరువు తగ్గిస్తూ.

‘ముడి’ తగిలితే

చేతికి బఠాణీ గింజలా తగిలి, నొక్కితే నొప్పి పుట్టే చోటును ముడి అంటుంటారు. కండరం నిజంగా ముడిపడదు; అందులో ఒక పట్టీ బిగుసుకుని సున్నితమైపోతుంది. దాన్ని పగలగొట్టాలని మొదలుపెడితే కమిలిపోవడమే మిగులుతుంది. ముందు చుట్టుపక్కల 2 నిమిషాలు వెచ్చబరచండి. తర్వాత ఒకే చోట 5 స్థాయి ఒత్తిడితో 30 నుంచి 60 సెకన్లు కదలకుండా ఉంచి, నిదానంగా ఊపిరి వదలమనండి. ఆ 5 మెల్లగా 3కి దిగాలి. దిగకపోతే ఒత్తిడి తగ్గించండి, అప్పటికీ దిగకపోతే వదిలేయండి. ఒకే చోట మూడుసార్లకు మించొద్దు. నొక్కినప్పుడు చేతివేళ్ల దాకానో కాలి దాకానో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే అది నరం, వెంటనే చేయి తీసేయండి.

మెడ, తల

వెల్లకిలా తిప్పి, మీరు తల దగ్గర కూర్చోండి. రెండు చేతుల వేళ్లను తల వెనక, పుర్రె మెడతో కలిసే గుంటల్లో పెట్టి, తల బరువు వాటి మీద వాలనివ్వండి. మీరు నొక్కనక్కర్లేదు, నిమిషంన్నర సేపు అలాగే ఉంచితే చాలు. సాయంత్రానికి తల బరువెక్కేవారికి ఇంతకుమించిన ఉపాయం తక్కువ. తర్వాత భుజం నుంచి పుర్రె దాకా మెడ వెనక భాగాన్ని ఒక్కో వైపు 5, 6 సార్లు నిమరండి.

గొంతు ముందు భాగం, దవడ కింద నాడి కొట్టుకునే చోటు మాత్రం ముట్టుకోవద్దు. రక్తపోటును పసిగట్టే నాడులు అక్కడుంటాయి. నొక్కితే గుండె వేగం ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరగవచ్చు.

మాడుకి నూనె అవసరం లేదు. వేళ్లు జుట్టు మీద జారకుండా, మాడు చర్మాన్నే పుర్రె మీద కదిలించండి. దవడకు: పళ్లు బిగించమంటే చెంప వెనక కండ ఉబ్బుతుంది. చోటు దొరికాక పళ్లు వదులు చేయమని, అక్కడ నిమిషం సేపు చిన్న సున్నాలు చుట్టండి.

కాళ్లు, చేతులు

బరువు వేసే నిమరడం చీలమండ నుంచి తొడవైపుకి, మణికట్టు నుంచి భుజంవైపుకి ఉండాలి; తిరుగు దారిలో చేయి తేలిగ్గా రావాలి. మోకాలి వెనక గుంటలో, గజ్జల్లో, మోచేయి లోపలి మడతలో ఒత్తిడి వద్దు, అక్కడ రక్తనాళాలు, నరాలు పైపైనే ఉంటాయి. పిక్కకి 2 నిమిషాలు, తొడకి 3, చేతికి 3 చాలు.

పాదాలకు చక్కిలిగింత ఉన్నవారిని మెల్లగా తాకితే ఇంకా ఎక్కువవుతుంది. అరచేయి మొత్తం ఆనించి గట్టిగా పట్టుకోండి. మడమ నుంచి వేళ్ల దాకా పిడికిలితో నెమ్మదిగా తోసి, ఒక్కో వేలినీ మొదలు నుంచి కొనకు లాగండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పే 1 నుంచి 10 లెక్క నమ్మదగినది కాదు, వారికి తేలిగ్గానే చేయాలి.

ఎవరికి వారే

సాయానికి మనిషి లేకపోతే ఒక టెన్నిస్ బంతి చాలు. గోడకు వీపు ఆనించి, బంతిని వెన్నుకూ రెక్క ఎముకకూ మధ్య పెట్టి, మోకాళ్లు కొంచెం వంచుతూ లేస్తూ ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర దొర్లించండి. బంతి జారిపోతుంటే పొడవాటి మేజోడులో వేసి, కొసను భుజం మీది నుంచి పట్టుకోండి. నేల మీద పడుకుని చేస్తే ఒంటి బరువంతా బంతి మీద పడి మర్నాటికి కమిలిపోవచ్చు, గోడతోనే మొదలుపెట్టండి. అరికాలి కింద అదే బంతిని కూర్చుని దొర్లించవచ్చు.

అయిపోయాక

వెంటనే లేవనివ్వకండి. 3 నిమిషాలు కప్పి వదిలేయండి. తర్వాత ఓ పక్కకు తిరిగి, చేతి ఆసరాతో కూర్చుని, అర నిమిషం ఆగి నిలబడాలి. రక్తపోటు మందులు వాడేవారికి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. అంతకన్నా ముందు అరికాళ్ల నూనె తుడవడం మరవొద్దు, నున్నటి నేల మీద అదే పెద్ద ప్రమాదం. దాహమేస్తే నీళ్లు ఇవ్వండి. లీటర్లకొద్దీ తాగించాల్సిన పనిలేదు.

చర్మం ఎర్రబడటం మామూలే, గంటలో పోతుంది. మర్నాడు కొంచెం నొప్పిగా ఉండటమూ మామూలే. రెండు రోజులు దాటినా తగ్గకపోతే, నీలం మచ్చలు తేలితే గట్టిగా నొక్కారని అర్థం. ఈసారి సగం ఒత్తిడితో చేయండి.

ఇక నూనె పట్టిన దుప్పట్లు, తువ్వాళ్లు. కూరగాయల, గింజల నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ వేడి పుట్టిస్తాయి. పల్చగా ఆరేసి ఉంటే ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. కుప్పగా పడేస్తే, ముఖ్యంగా డ్రయ్యర్ నుంచి వేడివేడిగా తీసి మడత పెట్టేస్తే, వేడి లోపలే పెరిగి బట్ట దానంతటదే అంటుకోగలదు. మసాజ్ కేంద్రాల్లో ఇలా మంటలు లేచిన సందర్భాలున్నాయి. అందుకే అదే రోజు వేడినీళ్లలో, డిటర్జెంట్ ఎక్కువ వేసి ఉతకండి. ఉతికాక కూడా మక్కిన నూనె వాసన వస్తుంటే నూనె ఇంకా ఉన్నట్టే. మళ్లీ ఉతకాలి, డ్రయ్యర్‌లో వేయకుండా తీగ మీద ఆరేయాలి, పూర్తిగా చల్లబడ్డాకే మడత పెట్టాలి.